మరిగిస్తే సరిపోతుందా? ఏటి కర్ర అక్వేరియంలోకి చేరేలోపు

ఏటి ఒడ్డున ఇసుకలో సగం కూరుకుపోయిన మోడు ఒకటి కనిపిస్తుంది. బెరడు ఎప్పుడో ఊడిపోయింది. నీళ్లు అరగదీసి అరగదీసి నున్నగా చేశాయి. వేళ్లు మెలికలు తిరిగి, ఎవరో పనిగట్టుకుని చెక్కినట్టున్నాయి. ఇంట్లో చేపల ట్యాంకు ఉన్న మనిషికి దాన్ని అక్కడే వదిలేసి రావడం చాలా కష్టం. భుజాన వేసుకుని వచ్చేస్తాడు. వచ్చాక అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఎవరిదైనా ఒక్కటే: దీన్ని ఎంతసేపు మరిగించాలి?

జవాబులకు కొదవ లేదు. ఒకరు గంట చాలంటారు, ఒకరు రోజంతా అంటారు, ఇంకొకరు ఉప్పు వేయమంటారు. నేనూ మొదట్లో గంటల లెక్కే పట్టుకున్నాను. తొలిసారి తెచ్చిన కర్రను మూడు గంటలు మరిగించి, మర్నాడే ట్యాంకులో పెట్టాను. నాలుగో రోజుకు నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. తెల్లవారుజామున లేచి చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. కంగారుగా కర్ర బయటికి తీసి కోసి చూశాను. లోపలంతా పచ్చి. బెరడు లేదు కదా అని ఎండుకర్ర అనుకున్నాను. మరిగించడంలో నేను చేసిన తప్పేమీ లేదు, ఆ కర్రను తేవడమే తప్పు.

ఆ తర్వాత నాకు అర్థమైంది ఇది. కర్ర ‘సేఫ్’గా ఉండాలి అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ, ఆ మాటలో నాలుగు వేరువేరు భయాలు చిక్కుపడి ఉన్నాయి. కర్ర మీద, కర్ర లోపల బతికున్న జీవులు ఒకటి. నీళ్లలో కరిగి బయటికొచ్చే పదార్థాలు రెండోది. కర్రలోకి ఇంకిపోయి మళ్లీ పూర్తిగా బయటికి రాని నూనెలు, లోహాలు, మందులు మూడోది. ఆ కర్ర గట్టిదా, పుచ్చుదా, పచ్చిదా అన్నది నాలుగోది. మరిగించడం మొదటి భయాన్ని తీరుస్తుంది, రెండోదాన్ని తగ్గిస్తుంది. మూడోదాన్ని దాదాపు ముట్టుకోదు. నాలుగో విషయంలో చేసేదేమీ లేకపోగా, పుచ్చు కర్రను మరింత మెత్తబరుస్తుంది. అందుకే అసలు పరీక్ష పొయ్యి దగ్గర కంటే ఒడ్డు దగ్గరే ఎక్కువ జరగాలి.

ఒడ్డు మీదే తేల్చుకోవాల్సినవి

ముందుగా, అక్కడి నుంచి కర్ర తీసుకోవచ్చా లేదా అన్నది చూసుకోవాలి. అభయారణ్యాలు, జాతీయ పార్కులు, రక్షిత తీరాల్లో పడి ఉన్న కర్రను ముట్టుకోవడం కూడా చాలా దేశాల్లో నేరమే. అనుమతి ఉన్న చోట కూడా, నీళ్లలో సగం మునిగి నాచు పట్టి, పురుగులూ చేపపిల్లలూ కాపురం పెట్టుకున్న కర్రను వదిలేయడమే నయం. గట్టు మీద పొడిగా ఎండిపోయినవి మనకు చాలు.

ఇక కర్ర సంగతి. కొట్టుకొచ్చిన కర్ర, అంటే డ్రిఫ్ట్‌వుడ్, అక్వేరియంకు మంచిదని ఎందుకంటారో తెలిస్తే, ఏది మంచిదో ఏది కాదో పోల్చుకోవడం తేలికవుతుంది. చెట్టు మధ్యలో ఉండే గట్టి భాగం చేవ. దాని చుట్టూ ఉండే లేత కర్రలో నీళ్లు, రసం, చక్కెరలు, పిండిపదార్థం ఉంటాయి. కర్ర నీళ్లలో ఏళ్ల తరబడి నానితే ఈ చక్కెరలన్నీ బ్యాక్టీరియా తినేస్తుంది, మిగిలినవి నీళ్లు కడుక్కుపోతాయి. చివరికి మిగిలేది ఎక్కువగా సెల్యులోజ్, లిగ్నిన్. ఇవి అంత త్వరగా కుళ్లవు. అంటే నిజమైన డ్రిఫ్ట్‌వుడ్‌కు సగం పని ఏరే చేసి పెట్టింది.

చిక్కంతా ఆ ‘నిజమైన’ దగ్గరే వస్తుంది. పదేళ్లు నీళ్లలో నానిన మోడూ, మొన్నటి గాలివానకు విరిగిపడ్డ కొమ్మా ఒకే ఇసుకలో పక్కపక్కనే పడి ఉంటాయి. వరద నీళ్లు రాళ్లకేసి రాసి రాసి పచ్చి కొమ్మ బెరడును కూడా రెండు రోజుల్లో వలిచేయగలవు. కాబట్టి పైపై నునుపును నమ్మకూడదు. చాకుతో ఒక మూల చెక్కి చూడాలి. లోపల తడిగా, లేత పసుపుగానో ఆకుపచ్చగానో ఉండి పచ్చి వాసన వస్తే అది ఇంకా చెట్టే. గోరుతో గట్టిగా నొక్కితే గాటు పడకూడదు. పాత డ్రిఫ్ట్‌వుడ్‌కు మట్టి వాసనో, ఏ వాసనా లేకపోవడమో ఉంటుంది.

పచ్చి కర్ర పెడితే ఏమవుతుందన్నది కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది అమ్మోనియా సమస్య అనుకుంటారు. అమ్మోనియా పుట్టాలంటే నత్రజని కావాలి, కర్రలో అది చాలా తక్కువ. కార్బన్‌తో పోలిస్తే కొన్ని వందల వంతుల్లో ఒక వంతు మాత్రమే ఉంటుంది. అందువల్ల కర్ర కుళ్లినా దాని నుంచి పుట్టే అమ్మోనియా పెద్దగా ఉండదు. అసలు దెబ్బ ఆక్సిజన్ మీద పడుతుంది. కర్ర నుంచి కారే చక్కెరను తిని బ్యాక్టీరియా ఇబ్బడిముబ్బడిగా పెరుగుతుంది, నీళ్లలో ఉన్న ఆక్సిజన్‌ను అదే వాడేసుకుంటుంది. మామూలుగానే 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు కాస్త పైన, 30 డిగ్రీల నీళ్లలో ఏడున్నర చొప్పున మాత్రమే ఆక్సిజన్ పడుతుంది. రాత్రిళ్లు మొక్కలు కూడా ఆక్సిజన్ ఇవ్వవు, పైగా వాడుకుంటాయి. అందుకే నా చేపలు సరిగ్గా తెల్లవారుజామునే పైకొచ్చాయి. అమ్మోనియా టెస్ట్ కిట్ చూసుకుని ‘అంతా బాగానే ఉంది’ అనుకునేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

పచ్చికి అవతలి కొస పుచ్చు. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే లోపలికి దిగిపోతున్నా, తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తున్నా, సన్నటి రంధ్రాల నుంచి పిండి రాలుతున్నా అది పుచ్చు కర్ర. ఒక మూల మాత్రమే పుచ్చితే ఆ ముక్క చెక్కేసి మిగతాది వాడుకోవచ్చు. మొత్తం అలాగే ఉంటే వదిలేయండి. ఎంత అందమైన ఆకారమైనా నీళ్లలో కొన్ని నెలలకే పీచుపీచుగా విడిపోయి ఫిల్టర్ నిండుతుంది.

తర్వాతది జాతి. పైన్, దేవదారు వంటి సూదాకుల చెట్లలో జిగురు, ఘాటైన నూనెలు ఉంటాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఫినాయిల్ లాంటి వాసనో టర్పెంటైన్ వాసనో వస్తుంది, చేతికి అంటుకుంటుంది. ఏళ్ల తరబడి నానిన పైన్ వేళ్లను కొందరు వాడతారు గానీ, అనుభవం లేనివాళ్లు అటు పోకపోవడమే మంచిది. నీలగిరి కర్రలోనూ నూనెలుంటాయి. గన్నేరు చెట్టులో ప్రతి భాగమూ విషమే. కొమ్మ విరిస్తే పాలు కారే చెట్లలో విషపువి చాలా ఉన్నాయి. సమస్యేమిటంటే, నీళ్లకు బెరడు పోయి రంగు మారిన మోడును చూసి ఇది ఫలానా చెట్టు అని చెప్పడం అలవాటున్నవాళ్లకే కష్టం. చెట్టు పేరు తెలియనప్పుడు కర్ర ఎంత పాతదైతే అంత మేలు. పేరూ తెలియదు, పాతదో కాదో తెలియదు అన్నప్పుడు నేనైతే తీసుకోను.

మరిగించినా పోనివి

కర్ర స్పాంజి లాంటిది. అది ఏ నీళ్లలో తేలుతూ వచ్చిందో ఆ నీళ్లను లోపలికి పీల్చుకునే ఉంటుంది. ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసే చోటా, పడవల రేవుల దగ్గరా, పురుగుమందులు ఎక్కువగా కొట్టే పొలాల కాలువల్లోనూ దొరికిన కర్రను ఎంత మరిగించినా లోపలికి ఇంకిన డీజిల్ గానీ లోహాలు గానీ శుభ్రంగా బయటికి రావు. కొంత వస్తుంది, మిగతాది నెలల తరబడి కొద్దికొద్దిగా ట్యాంకులోకి దిగుతూ ఉంటుంది. కాబట్టి ఎక్కడ దొరికిందన్న ప్రశ్న ఎంతసేపు మరిగించాలన్న ప్రశ్న కంటే పెద్దది.

నూనె ఉందేమో చూడటానికి ఒక తేలిక మార్గం ఉంది. బకెట్‌లో వేడినీళ్లు పోసి కర్రను ముంచి, గంటయ్యాక నీటి ఉపరితలాన్ని వెలుతురుకు ఏటవాలుగా చూడండి. ఇంద్రధనుస్సు రంగుల పొర కనిపిస్తే అనుమానించాల్సిందే. బ్యాక్టీరియా వల్ల కూడా అలాంటి పొర ఒక్కోసారి వస్తుంది. పుల్లతో కదిపితే అది అద్దం ముక్కల్లా విడిపోతుంది, నూనె పొర మాత్రం విడినా మళ్లీ వచ్చి కలిసిపోతుంది.

మనుషులు కోసి వాడి పారేసిన కలప కూడా ఏటిలో కొట్టుకొస్తుంది. రంపపు కోత గుర్తులు, సమంగా ఉన్న అంచులు, మేకు రంధ్రాలు, పెయింటు చారలు ఉంటే పక్కన పెట్టేయండి. ఆరుబయట వాడే కలపకు చెద పట్టకుండా రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మందు ఎక్కించడం దశాబ్దాల పాటు మామూలు. అలాంటి కర్రకు లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, పాతబడితే అది కూడా పోతుంది. రైలు పట్టాల కింద వేసే చెక్క దిమ్మెలకు పట్టించే క్రియోసోట్ అయితే నల్లగా, తారు వాసనతో ఉంటుంది. రాగి చేపల కంటే ముందు రొయ్యలనూ నత్తలనూ చంపుతుంది. చేపల జబ్బులకు వాడే రాగి మందు ట్యాంకులో వేస్తే రొయ్యలు తుడిచిపెట్టుకుపోవడానికి కారణం అదే. రొయ్యల ట్యాంకు ఉన్నవాళ్లు ఈ విషయంలో రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి.

సముద్రపు కర్ర విషయంలో మాత్రం జనం భయపడాల్సిన దానికంటే ఎక్కువే భయపడతారని నా అభిప్రాయం. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఒక పెద్ద కర్ర లీటరు సముద్రపు నీళ్లు పీల్చుకుందనుకుందాం. ఆ ఉప్పంతా 100 లీటర్ల ట్యాంకులోకి వచ్చినా లీటరుకు మూడో వంతు గ్రాము చొప్పున పడుతుంది. అదీ ఒక్కసారిగా రాదు. కొన్ని మొక్కలకు, ఉప్పు గిట్టని చేపలకు అది మంచిది కాదు, నిజమే. అయినా ఉప్పుకు ఒక సుగుణం ఉంది, అది కడిగితే పోతుంది. మంచినీళ్లలో ముంచి రోజూ నీళ్లు మారుస్తూ ఉండాలి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ ఉంటే పని మరీ తేలిక. కొత్త నీళ్లు పోసినప్పుడు ఒకసారి, 24 గంటల తర్వాత ఒకసారి చూడండి. అంకె పెరగడం దాదాపు ఆగిపోయిందంటే ఉప్పు పోయినట్టే. చిన్నకర్రకు వారం, లావు దుంగకు నెల రెండు నెలలు పట్టొచ్చు.

సముద్రపు కర్రలో ఉప్పు కంటే నన్ను ఎక్కువ ఆపేది రంధ్రాలు. వేలు దూరేంత గుండ్రటి సొరంగాలు కనిపిస్తే అది ఓడపురుగు పని. పేరుకు పురుగే గానీ అది నత్తలు, ఆల్చిప్పల వంశానికి చెందిన జీవి, చెక్క తొలుచుకుంటూ లోపలే బతుకుతుంది. మంచినీళ్లలో పెడితే చస్తుంది, చచ్చినవి లోపలే కుళ్లుతాయి. కర్ర వల్ల రాని అమ్మోనియా ఈ మాంసం వల్ల వస్తుంది. అలాంటి కర్రను ఎండలో పూర్తిగా ఎండబెట్టి, మరిగించి, సొరంగాల్లోకి నీటి ధార గట్టిగా కొట్టి కడగాలి. అంత ఓపిక లేకపోతే ఇంకో కర్ర చూసుకోవడం మేలు.

మరిగించేటప్పుడు

ఇన్ని పరీక్షలు దాటిన కర్రకు మిగిలిన పని ఎక్కువేమీ కాదు. గట్టి బ్రష్‌తో రుద్దడం, వదులుగా ఉన్న బెరడు పూర్తిగా లాగేయడం, మెత్తటి భాగాలు గీకేయడం. సబ్బు, డిటర్జెంట్ దరిదాపులకు రానివ్వకూడదు. కర్ర వాటినీ పీల్చుకుంటుంది.

గంటల లెక్కకు వస్తే, చూడాల్సింది కర్ర మందం. మరిగే నీళ్ల వేడి పైపొరకు వెంటనే తగులుతుంది గానీ కర్ర వేడిని చాలా నెమ్మదిగా లోపలికి పోనిస్తుంది. మందం రెట్టింపైతే నడిమధ్య వేడెక్కడానికి పట్టే సమయం దాదాపు నాలుగింతలవుతుంది. అంతర్జాతీయ రవాణాలో వాడే చెక్క పెట్టెల నుంచి పురుగులు దేశాలు దాటకుండా ఐఎస్‌పీఎమ్ 15 అనే ప్రమాణం ఒకటుంది. దాని ప్రకారం కర్ర నడిమధ్యలో కూడా 56 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాల పాటు ఆగకుండా ఉండాలి. ఈ రెండు సంగతులూ కలిపి నేను వేసుకునే లెక్క ఇలా ఉంటుంది. మణికట్టంత మందానికి గంట, పది సెంటీమీటర్ల దుంగకు రెండు గంటలు, అదీ నీళ్లు మరగడం మొదలైన దగ్గర్నుంచి. నత్త గుడ్లు, నాచు, తూనీగ పిల్లలు, చెక్కను తొలిచే పురుగులు అంతకు బతకవు. కొన్ని బ్యాక్టీరియా బీజాలు బతుకుతాయి. బతకనివ్వండి, అలాంటివి ట్యాంకులో ఎలాగూ ఉంటాయి. రోజంతా మరిగించే వాళ్లు కర్రలోని నారను పట్టి ఉంచే పదార్థాన్ని మెత్తబరిచి, పైపొర పీచు లేచేలా చేసుకుంటున్నారు, అంతే.

వంటకు వాడే గిన్నె వద్దు, పాత డబ్బానో పనికిరాని పాత్రో తీసుకోవాలి. ఏ చెట్టో తెలియని కర్ర నుంచి వచ్చే ఆవిరిని మూసిన గదిలో పీల్చకూడదు కాబట్టి ఆరుబయటైతే మంచిది. ప్రెషర్ కుక్కర్ అసలే వద్దు. బెరడు ముక్కో పీచో ఆవిరి దారికి అడ్డుపడిందంటే ప్రమాదం కర్రకు కాదు, మీకు. ఓవెన్‌లో ఎండబెట్టడమూ అంతే, కర్రకు నిప్పంటుకోవచ్చు. మైక్రోవేవ్‌లో అయితే లోపల ఏ పాత మేకు ముక్కో దాగి ఉంటే నిప్పురవ్వలు లేస్తాయి.

గిన్నెలో పట్టనంత పెద్ద మోడు ఉంటే దాన్ని నిలువునా కోయాలనిపించదు. అప్పుడు రెండు మూడు వారాలు మంచి ఎండలో ఎండనిచ్చి, టబ్‌లో పెట్టి సలసల కాగే నీళ్లు నాలుగైదు సార్లు పోసి, ఆ తర్వాత నానబెట్టడం సరిపోతుంది. నీటిలో బతికే పరాన్నజీవుల్లో చాలా వాటికి పూర్తిగా ఎండిపోవడమే చావు. బ్లీచ్ వాడమని చెప్పేవాళ్లున్నారు. పలచగా కలిపి పావుగంట ముంచి, తర్వాత క్లోరిన్ తీసేసే మందులో నానబెట్టి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండబెడితే అది కూడా పని చేస్తుంది. కానీ కర్ర లోపలికి దిగిన బ్లీచ్ ఎంత బయటికొచ్చిందో తేల్చుకోవడం కష్టం. వేరే దారి ఉన్నప్పుడు నేను దాని జోలికి పోను. పోయేవాళ్లు దాన్ని వెనిగర్‌తో గానీ ఇంకే యాసిడ్‌తో గానీ కలపకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది.

కషాయం రంగు నీళ్లు

మరిగించిన నీళ్లు చూసి చాలామంది టెన్షన్ పడతారు. టీ డికాక్షన్ లాగా, కొన్ని కర్రలకైతే కాఫీ అంత నల్లగా వస్తాయి. అవి టానిన్లు. పచ్చి కాయ కొరికితే నాలుక పట్టుకున్నట్టుండే వగరు వాటిదే. తోళ్లు పదును చేయడానికి వాడే పదార్థం కూడా అదే, ఆ పనికి ఉన్న ఫ్రెంచ్ మాటలోంచే దీనికి టానిన్ అన్న పేరొచ్చింది.

వీటిని విషం అనుకోవద్దు. దక్షిణ అమెరికాలో రియో నీగ్రో అనే నది ఉంది, పేరుకు అర్థమే నల్ల నది. అడవిలో కుళ్లిన ఆకుల నుంచీ కట్టెల నుంచీ వచ్చే ఇలాంటి పదార్థాలతో దాని నీళ్లు టీ రంగులో ఉంటాయి, నీటి ఆమ్లత్వాన్ని చెప్పే పీహెచ్ (తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5 కంటే తక్కువ ఉండటం అక్కడ మామూలే. కార్డినల్ టెట్రా లాంటి చేపల పుట్టిల్లు అది. ఆ చేపలకు టీ రంగు నీళ్లంటే సొంతూరికి వచ్చినట్టు. ఆఫ్రికాలోని మలావి, టాంగన్యీకా సరస్సుల సిక్లిడ్ చేపలు ఇందుకు పూర్తిగా భిన్నం. వాటి నీళ్లు కఠినంగా, పీహెచ్ సుమారు 8 నుంచి 9 దాకా ఉంటాయి. ఆ ట్యాంకులో కర్ర కంటే రాళ్లు పెట్టుకోవడం మేలు.

కర్ర పెట్టగానే పీహెచ్ పడిపోతుందనే మాట కూడా సగమే నిజం. ఎంత పడుతుందన్నది నీళ్లలోని కార్బొనేట్ కాఠిన్యం మీద, అంటే కేహెచ్ మీద ఆధారపడుతుంది. నీళ్లు కఠినమైనవైతే టానిన్ ఆమ్లాన్ని అవి అక్కడికక్కడే మింగేస్తాయి, రంగు మారుతుంది గానీ పీహెచ్ దాదాపు కదలదు. నీళ్లు మరీ మెత్తనివైతే కొద్ది రోజుల్లోనే తేడా కనిపిస్తుంది. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు కొలుచుకుంటే చాలు.

రంగు ఇష్టం లేకపోతే ముందే ఎక్కువ రోజులు నానబెట్టి నీళ్లు మారుస్తూ పోవాలి, ఆ తర్వాత కూడా వస్తే ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టుకోవాలి. అది కొన్ని వారాలకు నిండిపోతుంది, మార్చాల్సి ఉంటుంది. రంగు పూర్తిగా ఆగేదాకా ఎదురుచూస్తామంటే కొన్ని కర్రల విషయంలో ఏడాది కూడా చాలదు. నేను నీళ్లు లేత టీ రంగుకు రాగానే ట్యాంకులో పెట్టేస్తాను. నాకు ఆ రంగంటే ఇష్టం కూడా.

మునగని కర్ర

కష్టపడి అన్నీ చేసి ట్యాంకులో పెడితే కర్ర బెండులా పైకి తేలుతుంది. ఇక్కడ తెలుసుకుంటే ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. ఏ చెట్టుదైనా సరే, కర్ర కణాల గోడల సాంద్రత దాదాపు ఒక్కటే, నీటికి సుమారు ఒకటిన్నర రెట్లు. బల్సా చెక్క అంత తేలికగానూ నల్లమద్ది అంత బరువుగానూ ఉండటానికి కారణం ఆ గోడల మధ్య ఉన్న గాలి. గాలి పోయి నీళ్లు చేరితే ప్రతి కర్రా మునుగుతుంది. ఎప్పటికన్నదే ప్రశ్న.

మరిగించడం ఇక్కడ ఎక్కువ మంది గమనించని మేలు చేస్తుంది. వేడికి లోపలి గాలి వ్యాకోచించి బుడగలుగా బయటికి పోతుంది. వేడి నీళ్లలోంచి వెంటనే తీసేస్తే చల్లారుతూ మళ్లీ గాలినే పీల్చుకుంటుంది. అదే నీళ్లలో మునిగి ఉండగానే చల్లారనిస్తే గాలి బదులు నీళ్లను లాక్కుంటుంది. కాబట్టి పొయ్యి ఆపేశాక బరువు పెట్టి కర్రను అలాగే రాత్రంతా వదిలేయండి. ఈ ఒక్క పనితో వారాల నానబెట్టుడు తగ్గుతుంది.

అప్పటికీ మునగకపోతే పలక రాయి ముక్కకు కింది నుంచి స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూతో బిగించి, ఆ రాయిని ఇసుకలో పాతేయొచ్చు. ఇనుప మేకులు తుప్పు పడతాయి. ఇత్తడి, రాగి స్క్రూలు ఎందుకు వద్దో పైన చెప్పిందే. నూలు దారంతో కడితే అది కొన్నాళ్లకు కుళ్లి తెగిపోతుంది, నైలాన్ తీగ నిలుస్తుంది.

కొందరు తేలకుండా ఉండటానికి కర్రను రెండు అద్దాల మధ్య బిగించి పెడతారు. ఇది మాత్రం చేయొద్దు. ఎండిన కర్ర నీళ్లు పీల్చుకుంటే ఉబ్బుతుంది. నార పొడవునా ఉబ్బేది నామమాత్రమే, మీటరుకు రెండు మూడు మిల్లీమీటర్లు మించదు. అడ్డంగా మాత్రం నూటికి ఐదు నుంచి పది వంతుల దాకా ఉబ్బగలదు. ముప్పై సెంటీమీటర్ల వెడల్పున్న వేరు మొద్దు రెండు సెంటీమీటర్లు పెరిగిందంటే ఒత్తిడి అద్దం మీదే పడుతుంది. చుట్టూ రెండు వేళ్ల సందు ఉంచండి, అద్దాలు తుడవడానికీ పనికొస్తుంది.

పెట్టిన తర్వాత

వారం తిరక్కుండానే కర్ర మీద తెల్లటి పాకుడు మొదలవుతుంది. దూది అంటించినట్టో, జిగట పొరలాగో ఉంటుంది. ఎన్నిసార్లు మరిగించినా ఇది రావచ్చు, ఎందుకంటే అది కర్రతో పాటు వచ్చినది కాకపోవచ్చు. ట్యాంకు నీళ్లలో ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియా, బూజు కర్రలో మిగిలిన కొద్దిపాటి చక్కెరను తినడానికి చేరతాయి. తిండి అయిపోగానే వెళ్లిపోతాయి, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో. ఈలోగా రొయ్యలకూ నత్తలకూ అది పండగే. చూడలేకపోతే నీళ్లు మార్చేటప్పుడు పైపుతో పీల్చేయండి. దీని కోసం కర్రను తీసి మళ్లీ మరిగించేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది, తీసినప్పుడల్లా అది మళ్లీ మొదటి నుంచి వస్తుంది. పాకుడు మరీ దట్టంగా ఉండి చేపలు పైకొచ్చి గాలి మింగుతుంటే మాత్రం ఎయిర్ పంప్ పెంచి, కర్ర తీసేసి, పచ్చిదేమోనని మళ్లీ ఒక మూల చెక్కి చూడాలి.

నల్లబడటం వేరే సంగతి. ఇసుకలో పాతుకున్న భాగం మెత్తబడి, పైకి లేపితే కుళ్లిన గుడ్ల వాసన వచ్చిందంటే గాలి ఆడని చోట కర్ర కుళ్లుతోందని అర్థం, ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. చేపలకు అది కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం. ట్యాంకులో ఉండగానే కదిలించి చూడకుండా, ఎయిర్ పంప్ పెంచి, నెమ్మదిగా ఎత్తి, వెంటనే నీళ్లు మార్చడం మంచిది.

మంచి చేవ ఉన్న కర్ర ఏళ్ల తరబడి నిలుస్తుంది. బ్రిసిల్‌నోస్ లాంటి చేపలు ఉంటే నిత్యం దాన్ని గీరుతూ ఉంటాయి కాబట్టి కాస్త త్వరగా అరుగుతుంది. ఆరు నెలలకోసారి పుల్లతో పొడిచి చూస్తే దాని వయసు తెలిసిపోతుంది. ఏదో ఒక రోజు పుల్ల సులువుగా దిగిపోతుంది. అప్పుడు తీసేసిన కర్రను, తెచ్చింది అక్కడి నుంచే కదా అని మళ్లీ ఏటిలో వేయకండి. ఇన్నేళ్లూ మీ ట్యాంకులో ఉన్న నత్తలు, మొక్కల ముక్కలు, వాటి గుడ్లూ బీజాలూ ఇప్పుడు దాన్ని పట్టుకుని ఉంటాయి. ఎండలో ఎండబెట్టి, చెత్తలో వేసేయండి.